కొండ రైలుకు ఒక పేరు

ఫోను మోగేసరికి భానుమూర్తి కళ్ళు ఒత్తిడి చూపే ముల్లు మీద ఉన్నాయి. ఇంజను బాయిలరు నిండా నీళ్ళు పట్టి, చేతిపంపుతో ఒత్తిడి ఎక్కిస్తున్నారు. పంపు పిడి దగ్గర అభిలాష్ నిలబడ్డాడు. ఇంజను ముందు భాగాన, పొగ చేరే గుండ్రటి పెట్టెలోకి నడుం దాకా దూరి, చేతిలో టార్చితో సౌజన్య ఉంది. ఆ పిల్ల బూట్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

"పై వరసల పైపులు జర చెమరుస్తున్నయ్ సార్. కిందంత ఎండగనే ఉంది," అంది లోపల్నుంచి.

"సుద్దతో గుర్తు పెట్టమ్మా. అభీ, నువ్వింక కొట్టకు, అలాగే ఉంచు," అని చెప్పి భానుమూర్తి ఫోను పట్టుకుని షెడ్డు బయటికి వచ్చాడు.

కర్మన్‌ఘాట్ దాటి నాదర్‌గుల్ వైపు వెళ్ళే దారిలో ఉంది ఆ రేకుల షెడ్డు. పాత ఇంజన్ల మీద మమకారం ఉన్న కొందరు పెద్దమనుషులు చేరి ఒక ట్రస్టు పెట్టుకున్నారు. ఎప్పుడో మూతపడిన చక్కెర మిల్లులో చెరకు బళ్ళు లాగిన చిన్న ఆవిరి ఇంజనును కొని తెచ్చారు. దాన్ని బాగుచేసి షెడ్డును ఆనుకున్న పిల్లల పార్కులో నడపాలని వాళ్ళ సరదా. పని చేయించడానికి, ఐటీఐ చదివిన పిల్లలకు నేర్పడానికి భానుమూర్తిని పెట్టుకున్నారు. కోస్తాలో ఒక లోకో షెడ్డులో కుర్రవాడిగా చేరి, ఆవిరి ఇంజన్లు ఉన్నంత కాలం వాటితోనూ, అవి పోయాక డీజిలు ఇంజన్లతోనూ బతికి రిటైరైన మనిషి ఆయన. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాడు.

ఫోను చేసింది ఎక్కడో దూరాన, ఇప్పటికీ బొగ్గుతో కొండెక్కే రైలు షెడ్డు పెద్ద. ఏడాదికోసారి పాత ఇంజన్ల పని తెలిసిన ఒక్కరిని తీసుకుంటారక్కడ. కొన్నాళ్ళు నేర్పించి, తర్వాత ఉద్యోగం ఖాయం చేస్తారు. ఆ సంగతి భానుమూర్తి పిల్లలిద్దరికీ ఎప్పుడో చెప్పి ఉన్నాడు. ఈ విద్య నేర్చిన వాళ్ళకు దేశం మొత్తం మీద అన్నం పెట్టే చోట్లు అలాంటివి ఎన్నో లేవు.

"మూర్తిగారూ, మీ దగ్గర నేర్చుకునే పిల్లలిద్దర్లో ఒకరి పేరు చెప్పండి. మీ మాట చాలు, వేరే పరీక్ష అక్కర్లేదు. ఈ పూటే పై ఆఫీసుకు పంపేయాలి," అన్నాడాయన.

భానుమూర్తి వెనక్కి తిరిగి చూశాడు. పెట్టెలోంచి సౌజన్య వెనక్కి జరుగుతూ బయటికొస్తోంది. ముఖం మీద మసి, జుట్టుకు కట్టిన గుడ్డ మీద మసి. సుద్దముక్కను చెవి మీద పెట్టుకుని, అభిలాష్‌తో ఏదో చెప్పి నవ్వింది.

"అభిలాష్ అండీ. ఇంటిపేరు మెసేజి పెడతాను," అన్నాడు భానుమూర్తి.

అంత తేలిగ్గా వచ్చేసింది నోట్లోంచి. అవతలివాడు ధన్యవాదాలు చెప్పి పెట్టేశాడు. భానుమూర్తి అక్కడే వేపచెట్టు నీడలో కాసేపు నిలబడి తనకు తాను సమాధానం చెప్పుకున్నాడు. ఆ కొండ మీద ఎముకలు కొరికే చలి. చీకటితోనే లేచి నిప్పు రాజెయ్యాలి. షెడ్డు కుర్రాళ్ళంతా ఒకే గదిలో పడుకుంటారు. ఆడపిల్లకి అక్కడ చోటెక్కడ? పైగా వాళ్ళ నాన్న జంగయ్య కూతుర్ని అంత దూరం పంపుతాడా? నల్లగొండ నుంచి వలసొచ్చిన మనిషి, డీసీఎం వ్యాను డ్రైవరు. ఇవాళో రేపో సంబంధం చూసి పెళ్ళి చేస్తాడు. ఆ పిల్ల పేరు చెప్పి, తర్వాత వాళ్ళు పంపం అంటే తన మాటేం కాను?

నూటికి నూరుపాళ్ళూ సబబైన ఆలోచన. అయినా ఆయన వెంటనే లోపలికి వెళ్ళలేదు.

సాయంత్రం చేతులు కడుక్కునే వేళ ఇద్దర్నీ పిలిచి చెప్పాడు.  అభిలాష్ చూపు మొదట సౌజన్య వైపే వెళ్ళింది. ఆమె గోళ్ళ సందుల్లో గ్రీజును సబ్బుతో రుద్దుకుంటోంది. రుద్దడం ఆపలేదు.

"కంగ్రాట్స్ రా," అంది. "దావత్ ఇయ్యాలె మరి."

కొళాయి కట్టేసి, చున్నీతో చేతులు తుడుచుకుని, రోజూలాగే పనిముట్లు లెక్క చూసి పెట్టెలో సర్దింది. పైపుల మొదళ్ళను బిగించే ఎక్స్‌పాండరును ఆఖర్న నూనెగుడ్డలో చుట్టింది. ఆ పనిముట్టును లోపల పెట్టి తిప్పుతుంటే పైపు అంచు కొంచెం కొంచెంగా వెడల్పై రంధ్రానికి బిగుసుకుంటుంది. తక్కువ తిప్పితే కారుతుంది, ఎక్కువ తిప్పితే పైపు పగులుతుంది. ఎక్కడ ఆపాలో మణికట్టుకు తెలియాలి. సౌజన్య మణికట్టుకు తెలుసు. అభిలాష్‌కు ఇంకా తెలియలేదు. వాడిది మంచి చెయ్యే, కానీ తొందర ఎక్కువ.

ఇంటికి వెళ్ళాక భార్యతో చెప్పాడు భానుమూర్తి. సీతామహాలక్ష్మి బీరకాయలు చెక్కు తీస్తోంది.

"సౌజన్యని కాదా? రోజూ ఆ పిల్లనేగా మెచ్చుకుంటారు," అంది.

"ఆడపిల్ల. కొండల్లో ఒంటరిగా ఎలా ఉంటుంది?"

"వెళ్ళనందా?"

"అడిగితే ఏమంటుంది, వెళ్తాననే అంటుంది. చిన్నతనం. మనం ఆలోచించాలి కదా."

సీతామహాలక్ష్మి చెక్కు తీయడం ఆపి ఆయన ముఖంలోకి చూసింది. "అయితే అడగలేదన్నమాట," అని మళ్ళీ బీరకాయ అందుకుంది.

మర్నాడు సౌజన్య వేళకే వచ్చింది. గుర్తు పెట్టిన పైపుల్లో కొన్ని బిగించింది. అడిగినదానికి జవాబు చెప్పింది. అడగనిదే మాట్లాడలేదు. అంతకుముందు అలా కాదు. ఈ ఇనుము ఏ కాలందో, ఈ రివెట్టు ఎర్రగా కాలినప్పుడే ఎందుకు కొట్టాలో, ఆ కాలంలో బాయిలరు పగిలితే డ్రైవర్లు ఏం చేసేవారో, ఒకటే ప్రశ్నలు. భానుమూర్తికి విసుగొచ్చేది కూడా. ఇప్పుడు ఆ ప్రశ్నలు లేక షెడ్డులో సుత్తి చప్పుడు మరీ పెద్దగా వినిపించింది.

ఆ తర్వాతి రోజు సౌజన్య రాలేదు. పని ఉంది సార్, రేపొస్తా అని అభిలాష్‌తో కబురు పంపింది.

మధ్యాహ్నం దాకా ఓపిక పట్టి, భానుమూర్తి స్కూటరు తీసుకుని మన్సూరాబాద్ వెళ్ళాడు. జంగయ్యతో నాలుగు మంచిమాటలు చెప్పి, మీ అమ్మాయికి ఇక్కడే ఏదైనా చూద్దాం అందామని ఆయన ఉద్దేశం. ఆ మాటలు దారి పొడుగునా నెమరేసుకుంటూనే వెళ్ళాడు.

కిందంతా ఇంటివాళ్ళు, పైన రెండు గదులు వీళ్ళవి. జంగయ్య అప్పుడే అన్నానికి కూర్చోబోతున్నాడు. భానుమూర్తిని చూసి గబుక్కున వచ్చి కుర్చీ తుడిచి వేశాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది జంగయ్య భార్య అండాలమ్మ. పొద్దుటి వంట ముగించుకుని వచ్చి, సాయంత్రం వంటకు వెళ్ళేలోగా నడుం వాల్చే వేళ అది. ఆమె లేచి నీళ్ళు తెచ్చింది.

"సౌజన్య లేదా అమ్మా?"

"చౌటుప్పల్ దిక్కు పోయింది సార్, గక్కడేదో మందుల కంపెనీల బాయిలర్ కాడ పనుందట. ఎన్నడో రమ్మన్నరు. ఇది పోలే. కొండ రైలు, కొండ రైలు అని కూసున్నది. ఇప్పుడు పోయింది," అంది అండాలమ్మ.

భానుమూర్తి గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. "ఆ కొండ రైలు సంగతి... మీకు తెలుసా?"

"తెల్వకేంది సార్," అన్నాడు జంగయ్య. "ఆర్నెల్ల సంది ఇంట్ల అదే ముచ్చట. ముందుగాల్ల నేను ఒద్దనే అన్న. దూరం గదా. మా పిల్ల ఇనలే. ఫోన్ల ఆ రైలు వీడియో చూపించింది. పొగ గక్కుకుంట కొండెక్కుతుంటే నాకే ముద్దొచ్చింది. పో బిడ్డా, పొయ్యి నేర్చుకో అన్న. లారీ వాళ్ళను అడిగిన, ఆ దిక్కు బండ్లు పోతయట, నడుమ నడుమ నేను పోయి చూసిరావొచ్చు అనుకున్న."

"నేను ఉన్ని స్వెట్టరు కొన్న సార్," అంది అండాలమ్మ. "హాస్టల్ల ఒక పిల్లది ఆ దిక్కే. ఎట్లుంటదమ్మా సలి అని అడిగితే, మామూలు స్వెట్టరు ఆగదు ఆంటీ, ఉన్నిది కొనుండ్రి అన్నది."

 దారిలో నెమరేసుకున్న మాటల్లో ఒక్కటీ భానుమూర్తి నోటికి రాలేదు.

జంగయ్య గొంతు సవరించుకున్నాడు.  మెల్లగా అడిగాడు.

"సార్, తప్పుగ అనుకోకుండ్రి. మా పిల్లకు పని మంచిగ రాదా? జెప్పుండ్రి, ఏం ఫరక్ పడదు. దానికేమో అంతా ఒచ్చిందని మేం అనుకుంటున్నం. పిలగాడు ఎక్కువ నేర్సిండా?"

ఔనంటే అంతటితో అయిపోయేది. ఆ తండ్రి సరేననేవాడు, తల్లి నిట్టూర్చేది. టీ తాగి లేచి రావచ్చు. కాని సౌజన్య చేతులు చేసిన పని కళ్ళముందు మెదిలింది భానుమూర్తికి.

"లేదండీ. పనిలో మీ అమ్మాయే మేలు," అన్నాడు.

జంగయ్య అన్నం కంచం పక్కకు జరిపాడు.

"మరెందుకు సార్?" అన్నాడు జంగయ్య. ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు.

"ఆడపిల్ల కదా... మీరు పంపరేమో అనుకున్నాను."

"మమ్ములను అడగకపోతిరి?"

"మనల్ని కాదు," అంది అండాలమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "దాన్ని అడగాలె. దాని పేరు గదా."

ఆమె టీ పెట్టింది. భానుమూర్తి తాగాడు. వేడిగా ఉందో చల్లారిందో కూడా ఆయనకు తెలియలేదు. మెట్లు దిగుతుంటే జంగయ్య వెనకే వచ్చి, "మీరేం మనసుల పెట్టుకోకుండ్రి సార్, మా కాడికి ఒచ్చి జెప్పిన్రు, గంతే చాలు," అన్నాడు. ఆ మంచితనమే ఆయనకు ఎక్కువ కష్టమనిపించింది.

మెట్రో స్తంభాల నీడన స్కూటరు ఆపి, కొండ రైలు పెద్దకు ఫోను చేశాడు. పేరు మార్చడం కుదురుతుందా అని అడిగాడు.  "కాగితం వెళ్ళిపోయింది మూర్తిగారూ. ఆ కుర్రాడే రాలేనని రాసిస్తే అప్పుడు చూడగలం. ఏం, వాడు పనికిరాడా?" అన్నాడు.

"పనికొస్తాడు. చాలా మంచి కుర్రాడు," అన్నాడు భానుమూర్తి. ఇంకేం అనగలడు?

మర్నాడు ఉదయం షెడ్డుకు వచ్చేసరికి సౌజన్య అప్పటికే ఇంజను ముందు తలుపు తీసి, పైపుల మొదళ్ళు తుడుస్తోంది. అభిలాష్ ఇంకా రాలేదు. భానుమూర్తి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మీ ఇంటికి వెళ్ళాను నిన్న."

"అమ్మ జెప్పింది సార్."

"నేను పొరపాటు చేశాను సౌజన్యా. అభిలాష్‌తో మాట్లాడతాను. వాడు రాసిస్తే..."

"వాడు మొన్ననే అన్నడు సార్. నేను రాసిస్త, నువ్వే పో అన్నడు," అంటూ ఆమె గుడ్డను దులిపి భుజాన వేసుకుంది. "నేనే ఒద్దన్న. వాళ్ళమ్మ పోచమ్మ గుడికాడ కోడిని గూడ కోసింది. ఇప్పుడు వాని నోటికాడి కూడు నేను గుంజుకుంటనా? వాడేం తప్పు జేసిండు?"

"తప్పు నాదేగా. నేనే..."

"మీ తప్పు మీరు దిద్దుకునేదానికి వాడు ఎందుకు ఇడిసిపెట్టాలె సార్?"

 సౌజన్య ఎక్స్‌పాండరు అందుకుని దానికి నూనె పట్టిస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"నేనైతే పోయేదాన్ని. సలి గురించి గూడ ఆలోచన చేసిన. మగపిల్లల రూమే ఉంటదని తెలుసు. ఆ ఊర్ల టీచర్ ఒకామె ఇంట్ల అర్ర కిరాయికి ఉందంటే ఫోన్ జేసి మాట్లాడుకున్న. ఎట్లుంటవ్ బిడ్డా అని మీరు ఒక్క మాట అడిగితే ఇదంత జెప్పేదాన్ని."

"నీ మంచికే అనుకున్నానమ్మా."

"తెలుసు సార్." నూనెగుడ్డ పక్కన పెట్టింది. "ఒకటి అడుగుత, నిజం జెప్పుండ్రి. నేను పోతే ఈ పైపులు ఎవరు బిగిస్తరు అని గూడ అనుకున్నరు గదా?"

నాదర్‌గుల్ నుంచి లేచిన శిక్షణ విమానం ఒకటి షెడ్డు మీదుగా గరగరలాడుతూ వెళ్ళింది. అది పోయేదాకా ఇద్దరూ ఆగారు.  భానుమూర్తి వేపచెట్టు కింద నిలబడి తనకు తాను చెప్పుకున్న కారణాలన్నిటి కిందా ఉన్న కారణం అదే. చలికీ, కొండకూ, పెళ్ళికీ వెనకాల దాన్ని దాచుకున్నాడు. ఈ ఇంజను ఆవిరి పట్టడం చూసి కళ్ళు మూసుకోవాలని ఆయన ఆశ. ఆ పిల్ల చేతులు లేకుండా అది జరగదు. ఆమెను కాపాడాననుకున్నాడు. నిజానికి అట్టిపెట్టుకున్నాడు.

సౌజన్య జవాబు కోసం ఆగలేదు. మోకాళ్ళ మీద వంగి, టార్చి నోట కరుచుకుని, పెట్టెలోకి దూరింది. కాసేపటికి లోపల్నుంచి కిర్రు కిర్రుమంటూ ఎక్స్‌పాండరు తిరుగుతున్న చప్పుడు వచ్చింది. ఆగింది. మళ్ళీ తిరిగింది. ఆగాల్సిన చోట ఆగింది.

ఆ వారం మిగిలిన రోజులన్నీ ఆమె ఆ పనే చేసింది. ఆఖరి పరీక్షలో ముల్లు పెట్టిన చోటు నుంచి కదల్లేదు. అభిలాష్ ఈల వేశాడు. సౌజన్య పైపులన్నిటి మీదా అరచేయి తిప్పి చూసి, చేతులు కడుక్కుంది. పనిముట్ల పెట్టె తాళంచెవి భానుమూర్తి చేతికిచ్చింది.

"సోమవారం సంది చౌటుప్పల్ పోతున్న సార్. కంపెనీ బస్సు పొద్దుగాల్నే ఎల్బీనగర్ రింగ్ రోడ్డు కాడికి ఒస్తదట. అక్కడ జేసుకుంట బాయిలర్ పరీక్ష రాయొచ్చని జెప్పిన్రు."

"అక్కడ ఈ ఇంజన్లు ఉండవు కదమ్మా," అన్నాడు భానుమూర్తి. అనేశాక తన మాట తనకే సిగ్గనిపించింది.

"ఉండయ్ సార్," అంది సౌజన్య. ఇంజను వైపు ఒకసారి చూసింది. "నీళ్ళు, నిప్పయితే ఉంటయ్."

సోమవారం ఉదయం ఆయన ఎల్బీనగర్ వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో భార్యకు చెప్పలేదు. ఫ్లైఓవరు కింద కంపెనీ బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. వాచ్‌మన్లు, ల్యాబు పిల్లలు, టిఫిను డబ్బాలతో మగవాళ్ళు ఎక్కుతున్నారు. వాళ్ళ మధ్య సౌజన్య కనిపించింది. పిలుద్దామనుకున్నాడు. పిలిచి ఏం చెప్పాలో తోచక టీ కొట్టు పక్కనే నిలబడిపోయాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. బస్సు విజయవాడ రోడ్డెక్కి వెళ్ళిపోయింది.

అభిలాష్ కూడా ఆ వారంలోనే రైలెక్కాడు. వెళ్ళేముందు కాళ్ళకు దండం పెట్టి ఏడ్చాడు. "అక్క పోయే జాగల నేను పోతున్న సార్," అన్నాడు. "మంచిగ జేస్త."

ట్రస్టు వాళ్ళు ఆ ఆదివారమే ముహూర్తం పెట్టుకున్నారు. షెడ్డు ముందు షామియానా వేశారు. ఇంజనుకు బంతిపూల దండ వేశారు. భానుమూర్తి తెల్లారకముందే వెళ్ళి ఒక్కడే నిప్పు రాజేశాడు. కట్టెలు, ఆ పైన బొగ్గు. బాయిలరు మెల్లగా వేడెక్కుతుంటే ఇనుము ఒళ్ళు విరుచుకున్నట్టు టిక్కు టిక్కుమంది. ముల్లు కదిలింది. ఆయన టార్చి పట్టుకుని ముందు భాగానికి వెళ్ళి, మోకాళ్ళ నొప్పులతో వంగి, పైపుల మొదళ్ళన్నీ చూశాడు. ఎక్కడా తడి లేదు.

పది గంటలకు జనం పోగయ్యారు. పార్కు పక్క కాలనీల పిల్లలు, వాళ్ళ తల్లులు, ఫోన్లెత్తుకున్న కుర్రాళ్ళు వచ్చారు. ఆవిరి వదిలే రెగ్యులేటరు మీద భానుమూర్తి చెయ్యి వేసి కొంచెం లాగగానే, చెరకు బళ్ళు లాగిన ఆ చిన్న ఇంజను నిట్టూర్చి, వణికి, ముందుకు కదిలింది. పిల్లలు కేరింతలు కొట్టారు. పట్టాల చివరిదాకా వెళ్ళి, తిరిగి వచ్చింది.

ట్రస్టు అధ్యక్షుడు ప్రసన్నకుమార్ చెమట తుడుచుకుంటూ వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "సాధించారు మూర్తిగారూ! ఇంక రేపటి నుంచి పిల్లల్ని ఎక్కించుకు తిప్పడమే. రోజూ దీన్ని చూసుకునే వాళ్ళెవరు? మీ పిల్లలేరీ, కనబడరే?"

"వెళ్ళిపోయారండీ," అన్నాడు భానుమూర్తి.

"అరె. మరెలా?"

 భానుమూర్తి ఇంజను మెట్టు మీద కూర్చుని ఫోను తీసి సౌజన్యకు చేశాడు. ఆదివారమైనా ఆమెకు డ్యూటీ ఉంటుందని జంగయ్య చెప్పాడు. చాలాసేపు మోగాక ఎత్తింది.

"సార్, ఎట్లుంది? ఆవిరి పట్టిందా? పైపులు ఏం కారతలేవు గదా?"

"ఒక్క చుక్క కారలేదమ్మా. అన్నీ పొడిగా ఉన్నాయి."



"ఉండు, విను," అని భానుమూర్తి లేచి, ఒక చేత్తో ఫోను పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో కూత తాడు లాగాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత గొంతు విప్పిన ఆ కూత షెడ్డు రేకుల్ని అదరగొట్టి, కర్మన్‌ఘాట్ దాకా పోయినట్టుంది. పిల్లలు చెవులు మూసుకుని నవ్వారు. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"విన్నావా?"

"హలో? సార్, ఏం ఇనొస్తలేదు," అంది సౌజన్య. ఆమె వెనకాల పెద్ద హోరు, మనుషుల కేకలు వినిపించాయి. "ఇక్కడ మా బాయిలర్ చప్పుడు శాన ఉన్నది సార్. నీళ్ళు చూసుకోవాలె, పెట్టేస్తున్న."